అప్లికేషన్‌లో తొమ్మిదో కాలమ్

అది 2000వ సంవత్సరం, జూన్ నెల. సికింద్రాబాద్‌లోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో నేను జూనియర్ అసిస్టెంట్‌ని. అడ్మిషన్ల కౌంటర్ నాది. అక్కడి నుంచి బేగంపేట దాకా ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల ప్రకటనలే. ఆ గోడలు చదివి, ఆ ఫీజులు విని, అలిసిపోయినవాళ్లు చివరికి మా కౌంటర్‌కు వచ్చేవారు. మా దగ్గరా బీఎస్సీ కంప్యూటర్స్‌కు విడిగా ఫీజు ఉండేది గానీ బయటితో పోలిస్తే చాలా తక్కువ. స్కాలర్‌షిప్ వస్తే ఆ బరువూ ఉండదు.

మా అప్లికేషన్‌లో తొమ్మిదో కాలమ్ తండ్రి వార్షికాదాయం. ప్రభుత్వం పెట్టిన పరిమితిలోపు రాసినవాళ్లనే స్కాలర్‌షిప్ ఫారాలకు పిలిచేవాళ్లం. ఎక్కువ రాసినవాళ్ల పేరు ఆ జాబితాలోకే రాదు.

ఆ కాలమ్ గురించి నేనెవరినీ ఏమీ అడిగేదాన్ని కాదు. శ్రీకాకుళం వైపు మా తాతగారికి ఎస్టేటు ఉండేది. నాకు ఊహ తెలిసేసరికే అది పోయింది, పద్ధతులు మిగిలాయి. ఎదుటివారి రాబడి అడగకూడదు, మన రాబడి చెప్పకూడదు అన్నది వాటిలో ఒకటి. మౌలాలిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నా, గంజి పెట్టిన నేత చీర కట్టకుండా నేను గుమ్మం దాటలేదు.

ఒక మధ్యాహ్నం మల్లేశం అనే ఆయన కూతురు సుజాతను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ఆయన చొక్కా మీద ఒక్క ముడత లేదు. ఫారంలో వృత్తి వ్యాపారం అని ఉంది, రాసిన ఆదాయం నా జీతానికి రెండింతలు. కౌంటర్ కింద ఆయన చెప్పులు అరిగిపోయి ఉండటం చూశాను. అడగలేదు. ముద్ర వేసి, మొదటి విడత ఫీజు తీసుకుని పంపేశాను.

ఆగస్టులో సుజాత ఒక్కతే వచ్చింది.

"టీసీ ఇయ్యండి మేడం."

టీసీ తీసుకోవడమంటే కాలేజీ వదిలిపోవడమే. ఎందుకని అడిగాను.

"రెండో విడత కట్టలేం. చీరల దుకాణంల పనికి రమ్మన్నరు."

"స్కాలర్‌షిప్ ఫారం పెట్టలేదా?"

"మా పేరు పిలువలే మేడం."

ఆమె ఫారం తీశాను. తొమ్మిదో కాలమ్ దగ్గర వేలు ఆగింది.

"మీ నాన్నగారిది ఏం వ్యాపారమమ్మా?"

"లాలాగూడల ఇస్త్రీ బండి."

స్కాలర్‌షిప్ ఫారాలకు శనివారం ఆఖరు తేదీ. ఆ రోజు మంగళవారం. టీసీ పుస్తకం మూసేసి, రేపు నాన్నగారిని తీసుకురమ్మన్నాను.

వచ్చాడు. ఆదాయం ఇంత ఎందుకు రాశారని అడిగాను.

"ముందుగాల రెండు ప్రైవేటు కాలేజీలకు పోయినం మేడం. ఫారంల ఆమ్దానీ తక్కువ చూసి మల్ల రాండ్రి అన్నరు. ఈడ సుత గట్లనే అంటరేమోనని జెర పెంచిన."

"ఇక్కడ అడిగేది వెనక్కి పంపడానికి కాదండీ, ఫీజు తగ్గించడానికి. ఉన్నది రాయండి."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఒక్కపారి రాసిన గదా. ఇప్పుడు తక్కువ రాస్తే అబద్ధాలోడంటరు. గరీబోళ్లకు సుత ఇజ్జత్ ఉంటది. మీ అసొంటోళ్లకేం ఎరుక?"

"నాయినా, ఇజ్జత్‌తోని ఫీజు కడ్తవా?" అంది సుజాత.

"నువ్వు ఊకో."

నేను చుట్టూ చూశాను. వెనక వరుసలో నలుగురున్నారు. గొంతు తగ్గించి నా జీతం చెప్పాను. కోతలు పోను చేతికొచ్చేది కూడా చెప్పాను. మా అక్కకు కూడా తెలియని అంకె అది.

మల్లేశం ఆశ్చర్యపోలేదు. "ఎరుకే మేడం," అన్నాడు.

"ఎలా?"

"మీ చీరకు భుజం కాడ చినిగిన తాన రఫూ ఉంది. జూన్‌లనే చూసిన. అదే చీర ఇయ్యాల సుత కట్టిండ్రు. గంజి మంచిగ పెడ్తరు, దూరంకెల్లి కనవడది. ఇరవై ఏండ్లసంది బట్టలే చూస్తున్న గదా." ఆయనా గొంతు తగ్గించాడు. "ఆ దినం నేను తొడిగిన చొక్కా సుత నాది కాదు. గిరాకిది. పొద్దుమీకి మల్ల ఇస్త్రీ చేసి ఇచ్చిన."

సుజాత నవ్వు దాచుకోవడానికి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మల్లేశం పెన్ను తీసుకున్నాడు.

కొత్త ఫారం మీద ప్రిన్సిపాల్ గారి సంతకం నేను తెచ్చాను. ఆదాయ సర్టిఫికెట్ కోసం మల్లేశం ఇస్త్రీ బండి మూసేసి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగాడు. శనివారం కౌంటర్ మూసేలోపు కాగితాలు అందాయి. స్కాలర్‌షిప్ మరుసటి వేసవికి గానీ రాలేదు. ఫారం పెట్టినవాళ్లకు అప్పటిదాకా రెండో విడత ఆపేవారు కాబట్టి సుజాత చదువు ఆగలేదు, డిగ్రీ పూర్తి చేసింది. మూడేళ్ల తర్వాత ఆమె టీసీ నేనే రాశాను, కోర్సు ముగిసింది అని.

మల్లేశం వచ్చేనాటికి ఆ కౌంటర్‌లో నాకు ఎనిమిదేళ్లు. అంతకుముందు ఎంతమంది నా ముందు పెద్ద అంకెలు రాసి, కొన్ని నెలలకు టీసీ తీసుకుని వెళ్లారో తెలియదు. పాత ఫారాలు నా వెనక బీరువాలోనే ఉన్నాయి. తీసి చూద్దామని ఒకసారి తాళంచెవి పట్టుకుని లేచాను. తీయలేక కూర్చున్నాను. ఎవరినీ నొప్పించకూడదని అడగడం లేదనుకునేదాన్ని. నన్నెవరూ అడగకూడదనే అడగలేదని ఆ రోజు అర్థమైంది.

ఆ తర్వాత తొమ్మిదో కాలమ్ దగ్గర చెయ్యి తడబడినవాళ్లందరినీ కూర్చోబెట్టి అడిగాను. అడిగేముందు నా జీతం చెప్పేదాన్ని. రిటైరయ్యేదాకా చెప్పాను. ఒక్కసారి కూడా సులువుగా రాలేదు.