మా ఆయన తప్పిన ప్రశ్న

మా ఆయన పరీక్ష తప్పారంటే మొదట నేను నమ్మలేదు. రెండోసారి కూడా తప్పేసరికి నాకు తలకొట్టేసినట్టయింది. తప్పింది బండి నడపడంలో కాదు. ట్యాంకరు వెనక్కి తీయడంలో గానీ, ఘాట్ రోడ్డు దింపడంలో గానీ ఆయనకు వంక పెట్టినవాడు ఇంకా పుట్టలేదు. ఆయన తప్పింది కంప్యూటరు ముందు కూర్చుని జవాబులు నొక్కే పరీక్ష. మండే సరుకు, పేలే సరుకు, పీలిస్తే ప్రాణం తీసే సరుకు మోసే డ్రైవర్లందరూ అది పాసవ్వాలని కొత్తగా రూలు పెట్టారు. మూడుసార్లు అవకాశం ఇస్తారట. మూడోసారీ పోతే ఇక ట్యాంకరు ముట్టుకోనివ్వరు. యాభై దాటిన మనిషికి కొత్తగా ఇంకో స్టీరింగు ఎవరిస్తారు? ఆయన ఒక్కడి రెక్కల మీద మా ఇల్లూ, పక్క గదిలో ఉండే మా తోడికోడలి సంసారమూ నడుస్తున్నాయి. ఆమె ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని చేస్తుంది. ఆ జీతం ఆమె కూతురి చదువుకే చాలదు.

ఆయన గురించి కాస్త చెప్పాలి. మొదట ట్యాంకర్లు నిలిపే యార్డులో టైర్లకు గాలి కొట్టేవారు. తర్వాత క్లీనరయ్యారు, ఆ తర్వాత డ్రైవరయ్యారు. తమ్ముడికి మీసాలొచ్చాక వాణ్ణి కూడా తీసుకెళ్ళి అదే బండి మీద పెట్టుకున్నారు. యార్డులో వాళ్ళిద్దరినీ పేర్లతో పిలిచినవాళ్ళు లేరు. ఈయన పెద్దోడు, మా మరిది చిన్నోడు. మరిది వాగుడుకాయ, ఈయన నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయిన కొత్తలో నాకు ఒళ్ళు మండేది, గోడతో కాపురం చేస్తున్నట్టుందని. తర్వాత అలవాటైపోయింది. ఆయన వాటా మాటలు కూడా నేనే మాట్లాడేస్తాను.

పరీక్షకు చదివించింది కూడా నేనే. ఆయన అక్షరాలు కూడబలుక్కుంటూ చదివేలోపు తెల్లారిపోతుంది. అందుకని నేను వంట చేస్తూ వాళ్ళిచ్చిన పుస్తకంలోంచి ప్రశ్నలు చదివేదాన్ని, ఆయన గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ జవాబులు చెప్పేవారు.

"సరుకు దింపే ముందు ట్యాంకరు నుంచి నేలకు తీగ ఎందుకు తగిలించాలి?"

"రవ్వ పుట్టకుండా."

"కారుతున్న ట్యాంకరు దగ్గరకు ఏ వైపు నుంచి వెళ్ళాలి?"

"గాలి మన వీపుకు తగిలే వైపు నుంచి."

"వాసన రాకపోతే ప్రమాదం లేనట్టేనా?"

"కాదు. కొన్నిటికి ముందు ముక్కే చచ్చిపోతుంది."

పుస్తకమంతా చదవడం కుదరలేదు గానీ, చదివినవాటిలో ఒక్కటీ తడుముకునేవారు కాదు. అలాంటి మనిషి రెండుసార్లు తప్పారంటే ఆ పరీక్ష ఆఫీసువాళ్ళే ఏదో గోల్‌మాల్ చేశారని తేల్చేసుకుని, నేను కొంగు బిగించి వాళ్ళ మీదకు వెళ్ళాను. కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రదాన్ని కడిగేశాను. పాపం, ఆ పిల్ల విసుక్కోలేదు. నేను అరిచిందంతా విని కంప్యూటరు తెర నా వైపు తిప్పింది.

"మామూలు ప్రశ్నల్లో కొన్ని తప్పినా పర్లేదు ఆంటీ. ప్రాణాపాయం ప్రశ్నల్లో మాత్రం ఒక్కటి తప్పినా ఫెయిలే. అంకుల్ రెండుసార్లూ ఒకే ప్రశ్న తప్పారు. మిగతావన్నీ రైటే."

ప్రశ్న ఇది. మీతో పనిచేసే వ్యక్తి ఖాళీ ట్యాంకరు లోపల స్పృహ తప్పి పడిపోయాడు. మీరు మొదట ఏం చేస్తారు? మా ఆయన రెండుసార్లూ నొక్కిన జవాబు: వెంటనే లోపలికి దిగి అతన్ని బయటకు తీస్తాను.

 బిగించిన కొంగు వదులు చేసుకుని ఇంటికొచ్చేశాను.

ఖాళీ బండికి భయమేంటి అనేది ఆ యార్డులో అందరి నోటా నానిన మాట. సరుకు దింపేశాక అడుగున మడ్డి మిగులుతుంది. అది గోకడానికి డ్రైవర్లే ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని మూతలోంచి దిగేవారు. తడిగుడ్డ ఉంటే విషం లోపలికి పోదని వాళ్ళ నమ్మకం. నడుముకు తాడు కట్టుకోరు, లోపల అడ్డపలకలకు చిక్కుకుంటుందని. తాడుకు బదులు వాళ్ళకో పద్ధతుండేది. లోపలికి దిగినవాడు పని అయ్యేదాకా పాడుతూ ఉండాలి. పైన కూర్చున్నవాడు వింటూ ఉండాలి. మా ఆయన పాడే ఏకైక చోటు అదేనని మరిది ఏడిపించేవాడు. "వదినా, అన్నయ్య పాట వినాలంటే నువ్వు కూడా ట్యాంకరెక్కాలి" అనేవాడు.

కొన్నేళ్ళ కిందట ఒకరోజు లోపల ఆయన పాట మధ్యలో ఆగిపోయింది. పైన ఉన్న మరిది రెండుసార్లు అన్నయ్యా అని పిలిచి, గుడ్డ కూడా కట్టుకోకుండా దూకేశాడట. ఈయన్ని భుజాన ఎత్తి మూత దాకా లేపాడు. పై నుంచి ఎవరో ఈయన చేతులు దొరకబుచ్చుకుని లాగారు. వాళ్ళు మళ్ళీ లోపలికి చెయ్యి చాపేసరికి అందుకోవడానికి మూత దగ్గర ఎవరూ లేరు. మరిది మడ్డిలో పడిపోయి ఉన్నాడు, బయటకు తీసేసరికి ప్రాణం లేదు.

ఆ తర్వాత ఆయన ట్యాంకరు నడిపారు గానీ ఏ ట్యాంకులోకీ దిగలేదు, ఎవర్నీ దిగనివ్వలేదు. సరైన జవాబు ఆయనకు తెలియకపోవడమేమిటి?

ఇంటికొచ్చి అడిగాను.

"తెలిసే తప్పు నొక్కారా?"

ఆయన చొక్కా విప్పి కొక్కానికి తగిలించారు. తర్వాత, "వాడు చేసింది తప్పని నా చేత్తో నేను నొక్కాలా?" అన్నారు.

నాకు కోపం ఆగలేదు. "వాడు చేసింది తప్పు కాబట్టే నాకు మొగుడు మిగిలాడు. అది నాకు తెలియదనుకున్నారా? ఇప్పుడు మీరు ఈ పని కూడా పోగొట్టుకుంటే వాడి పెళ్ళాం, పిల్లా ఏం తింటారు? వాడికి మీరిచ్చే మర్యాద ఇదేనా?" అని అరిచాను. పక్క గదిలో తోడికోడలు లేదు కాబట్టి సరిపోయింది. ఆయన మెడ వంచుకుని విన్నారు, అంతే. ఆ మనిషితో పోట్లాడటం కూడా దండగ.

ఆ ప్రశ్న సంగతి తోడికోడలికి తెలియనివ్వకూడదనుకున్నాను. ఆమె ఇంట్లో ఉన్నప్పుడు ఆ పేజీ తిప్పేసేదాన్ని. కానీ ఒక సెలవురోజు నా చేతులు పిండిలో ఉండగా ఆమె వచ్చి కిటికీలో ఉన్న పుస్తకం తీసుకుంది.

"నువ్వు పని చూసుకో అక్కా. బావగారికి నేను చదువుతాలే."

వద్దని లాక్కుంటే అనుమానం వస్తుంది. లాక్కోకపోతే ఆ పేజీ వస్తుంది. మింగలేక కక్కలేక నిలబడ్డాను. ఆమె చదువుతోంది, ఆయన జవాబులు చెబుతున్నారు. ఆ ప్రశ్న సగంలో ఆమె గొంతు నెమ్మదించింది. అయినా ఆపలేదు. నాలుగు జవాబులూ చదివింది. ఆయన నేల వైపు చూస్తూ కూర్చున్నారు. ఆమె పుస్తకం చివర ఉన్న సరైన జవాబు వెతికి అది కూడా పైకే చదివింది.

"లోపలికి వెళ్ళకూడదు. బయటే ఉండి సహాయం పిలవాలి. గాలి సిలిండరు లేకుండా దిగినవాడు రెండో శవం అవుతాడు."

తర్వాత పుస్తకం మూసి అడిగింది. "మీరు తప్పుతున్నది ఇదేనా బావగారూ?"

"అవునమ్మా."

ఆమె లేచి వెళ్ళి, నేను అప్పటికే కడిగి బోర్లించిన గిన్నెలన్నీ మళ్ళీ కడిగింది.

మర్నాడు పని నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ఆయన ముందు కూర్చుంది.

"మీతో పనిచేసేవాడు ట్యాంకరులో పడిపోయాడు. ఏం చేస్తారు?"

ఆయన నా వైపు చూశారు. నేనేం చేయను?

"చెప్పండి బావగారూ."

"లోపలికి వెళ్ళను."

"వినబడలేదు."

"లోపలికి వెళ్ళను. బయటే ఉండి పిలుస్తాను."

"పిలిచినా పలకడం లేదు. అప్పుడు?"

"అప్పుడైనా వెళ్ళనమ్మా."

పరీక్ష దాకా రోజూ అదే ఒక్క ప్రశ్న. వేరేది అడగలేదు. ఆయన జవాబు చెప్పేదాకా లేచేది కాదు. చెప్పాక ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి నిలబడేవారు, చీకటి పడ్డా లోపలికి వచ్చేవారు కాదు. అన్నం సగంలో వదిలేసేవారు. అది చూడలేక ఒకరోజు ఆమెను వంటింట్లోకి లాగాను.

"ఇక చాలు, వదిలెయ్. ఆయనకు వచ్చేసింది. రోజూ పుండు మీద కారం చల్లుతావేంటి?"

ఆమె నా కళ్ళలోకి చూసింది.

"పుండు ఎవరిదక్కా?"

నేను పొయ్యి వైపు తిరిగాను.

పరీక్ష రోజు ఆయనతో నేనూ వెళ్ళాను. బయట బెంచీ మీద కూర్చుని, ఆ ప్రశ్న రాకుండా ఉంటే బాగుండునని మొక్కుకున్నాను. ఆయన బయటకు వచ్చినప్పుడు చొక్కా అంచుకు వేలు తుడుచుకుంటూ వచ్చారు. కౌంటరు పిల్ల నన్ను గుర్తుపట్టి, "అంకుల్ పాసయ్యారు ఆంటీ" అని నవ్వింది. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆయన మాత్రం అప్పటికే బస్సు ఆగేచోటుకు నడుస్తున్నారు.

ఇంటికి వెళ్ళేసరికి తోడికోడలు వంట చేసి ఉంచింది. పనికి వెళ్ళలేదు. పాసయ్యారని నేనే చెప్పాను. సంతోషం అంది. కంచాలు పెట్టి, ముగ్గురికీ వడ్డించి, తనూ కూర్చుంది. రెండు ముద్దలు తిన్నాక అడిగింది.

"ఆ ప్రశ్న వచ్చిందా బావగారూ?"

"వచ్చింది."

"ఏం నొక్కారు?"

"లోపలికి వెళ్ళకూడదని నొక్కాను."

ఆమె తల ఊపింది. ఆయన కంచంలో ఇంకాస్త అన్నం పెట్టింది. కోపంగా లేదు, ఏడవడం లేదు. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి ఆమె ఒక్కసారి కూడా అనని మాట, మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మామూలుగా అంది.

"ఆ రోజు మీ తమ్ముడు కూడా అదే జవాబు అనుకుని ఉంటే బాగుండేది."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. తలెత్తి ఆమెను చూశారు.

"అవునమ్మా. బాగుండేది."

తర్వాత వాళ్ళిద్దరూ అన్నం తిన్నారు. ఆమె మాటలో తప్పు లేదు. ఆమె స్థానంలో ఉంటే నేను ఎప్పుడో అనేసి ఉండేదాన్ని. అయినా ఇద్దరిలో ఎవరూ నన్ను అడగనందుకు బతికిపోయాను. అడిగితే నేను అవునని అనలేను. ఆమె ముఖం చూస్తూ కూడా అనలేను.