మా మామ నడిచిన గీత

మా ఊరు యాడుందో తెలీదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మడకశిర పక్క నుంచి పావగడ తాలూకాకు కోడలిగా వచ్చిన కొత్తలో మా పుట్టింటి వాళ్ళే ఆ మాట అనేవాళ్ళు. గట్టు దాటితే వేరే రాష్ట్రం కాబట్టి నేనేదో దేశాలు పట్టిపోయినట్టు మాట్లాడేవాళ్ళు. వాళ్ళ మాటను నవ్వి వదిలేశాను గానీ, సోలార్ పార్కు వచ్చాక బయటివాళ్ళూ అనడం మొదలుపెట్టారు. తిరుమణి, వల్లూరు చుట్టుపక్కల వేరుశనగ చేలన్నీ ప్యానెళ్ళ కిందికి పోయాయి. ఎటు చూసినా ఒకటే వరసలు, ఒకటే కంచె, ఒకే రంగు గేట్లు. ఆ నేల మీద పుట్టిన వాళ్ళకే దారి తికమకయ్యేది. ఒకరోజు గ్యాస్ సిలిండర్ల ఆటో మా ఇంటికని బయల్దేరి, కంచెల మధ్య సగం పూట తిరిగి వెనక్కి పోయింది. మీ ఊరు మ్యాపులో లేదు మేడం అన్నాడు డ్రైవరు ఫోన్లో. ఆ పూట కట్టెల పొయ్యి మీద వంట చేస్తూ, పొగకు సగం, కోపానికి సగం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

అప్పటికే నేను ఒక ప్లాంటు గేటు దగ్గర వచ్చే పోయే బండ్ల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పనిలో ఉన్నాను. బండ్లు లేనప్పుడు ఇంటర్నెట్లో వెతగ్గా, ఎవరైనా గీయగల మ్యాపు ఒకటి ఉందని తెలిసింది. ఎక్కడెక్కడి వాళ్ళో కూలీ నాలీ లేకుండా తమ ఊళ్ళు తామే గీసుకుంటున్నారు. నేనూ చేరాను. ముందు మా వీధి గీశాను, తరువాత పాలకేంద్రం, బడి, బస్సు ఆగే చోటు, చెక్‌డ్యామ్, గేట్ల నంబర్లు. నా తప్పులు చూసి దిద్దడానికి కేరళ నుంచి ఒకామె ఉండేది. ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు. రోడ్డు ఇంటి మీదుగా గీశావు, ఆ ఇంటివాళ్ళు ఏమంటారో అని ఇంగ్లీషులో వేళాకోళం చేసేది.

అన్నీ అయ్యాక ఊరి సరిహద్దు మిగిలింది. దానికి తాలూకా ఆఫీసులో గుడ్డ మీద అంటించిన పటం ఉంటుంది గానీ, ఇంకొకరి పటం చూసి నకలు కొట్టకూడదన్నది మా మ్యాపు వాళ్ళ గట్టి నియమం. అనుమతి ఉంటేనే తీసుకోవాలి. లేదంటే మన కాళ్ళతో నడిచి, మన కళ్ళతో చూసింది గీయాలి. ఆ సంగతి ఇంట్లో గొణుక్కుంటుంటే మా మామ విన్నాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. చేను ప్యానెళ్ళకు ఇచ్చేశాక ఆయనకు పొద్దుపోయేది కాదు. పొద్దున్నే అలవాటు కొద్దీ తలగుడ్డ చుట్టుకుని బయల్దేరేవాడు, కంచె దాకా పోయి దాన్ని తిట్టి వచ్చేవాడు.

"ఎల్ల నాకు తెల్సు. రామ్మా, నేను చూపిస్తా," అన్నాడు.

మూడు ఆదివారాలు నడిచాం. ఫోన్లో నడక నమోదయ్యేలా పెట్టి, దాన్ని చేతిలో పట్టుకుని ఆయన వెనక నేను. నా జీవితంలో అంత సంతోషంగా ఎండలో తిరిగింది లేదు. ఆయన ఎక్కడా ఆగి ఆలోచించలేదు. మూడూళ్ళు కలిసే రాయి, సగం విరిగిన జమ్మిచెట్టు, వంక మలుపు, అన్నీ కాళ్ళకే తెలిసినట్టు పోయేవాడు. కంచె అడ్డం వస్తే దాని పక్కనే నడిచి, అవతల మళ్ళీ తన దారి అందుకునేవాడు. నేను ఆయాసపడితే, మీ మడకశిరోళ్ళకి సన్నబియ్యం తిని తిని కాళ్ళు మెత్తబడినాయి అనేవాడు. మన ఇంట్లో రాగిముద్ద తినిపించి మూడు పూటలూ చంపుతున్నది మీరే కదా అని నేను.

తూర్పున ఒకచోట మాత్రం ఊరికి చాలా దూరంగా పోయి, పెద్ద చుట్టు తిప్పాడు. లోపలంతా ప్యానెళ్ళే. కంచె మూలన కూలిన మొండిగోడ ఒకటి, పూడిపోయిన బావి ఒకటి ఉన్నాయి. ఇదంతా మన ఊరేనా మామా అని అడిగితే, ఎల్ల ఇట్లనే పోతాది అన్నాడు. ఇంటికొచ్చి గీసి చూస్తే ఊరు నెలలు నిండిన ఆడదానిలా తూర్పు వైపు కడుపు ముందుకు పెట్టి నిలబడింది. కేరళ ఆమె ఆ కడుపు ఏమిటని అడిగింది. మా మామ నడిచాడు, ఆయన కంటే తెలిసిన వాళ్ళు లేరు అని రాశాను. సరే అంది.

ఆ గీత మా మామను మార్చేసింది. టీ కొట్టు దగ్గర ఎవరి చేతిలో ఫోను కనబడినా మ్యాపు తెరవమనేవాడు. మ్యాపులో నా నడక ఉండాది చూడప్పా అనేవాడు. చేను పోయాక ఊళ్ళో ఆయన చూపించుకోవడానికి మిగిలింది అదొక్కటే. కంచెను తిట్టడం కూడా తగ్గింది.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు మా మ్యాపు వాళ్ళ గుంపులో పండగలా సందడి. ప్రభుత్వం గ్రామాల సరిహద్దుల సమాచారం బయట పెట్టిందట, వాడుకోవడానికి అనుమతి కూడా ఇచ్చిందట. తాలూకాలు పంచుకున్నారు. పావగడ ఎవరికి అన్న ప్రశ్నే లేదు, ఆ గుంపులో ఈ నేల మీద నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే. అయితే మొత్తం ఒక్కసారిగా కుమ్మరించడానికి లేదు. ఒక్కో ఊరూ తెరిచి, ముందే ఎవరైనా గీసి ఉంటే దానితో పోల్చి, పేరు సరిగా ఉందో లేదో అక్కడి వాళ్ళను అడిగి, అప్పుడు ఎక్కించాలి. నెల రోజులు గేటు దగ్గర ఖాళీ దొరికితే అదే పని. అరసికెరె వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కో ఊరూ చేసుకుంటూ వచ్చాను. మా ఊరిని చివరికి పెట్టుకున్నాను, పిల్లలు కంచంలో బెల్లం ముక్క చివరికి దాచుకున్నట్టు.

తెరిచి చూస్తే ప్రభుత్వం వాళ్ళ గీతలో మా ఊరికి కడుపు లేదు. ఆ చోట వేరే ఊరు ఉంది. దానికి సొంత సరిహద్దు, సొంత పేరు, సొంత నంబరు. జనాభా సున్నా. పక్కన బేచరాక్ అని రాసి ఉంది. రికార్డుల్లో ఊరుండి, నేల మీద ఒక్క ఇల్లూ లేకపోతే ఇక్కడి ఆఫీసుల్లో ఆ మాట వాడతారు. అంటే మా మామ చూపించిన గీత తప్పు.

రోడ్డు విషయంలో, కొట్టు విషయంలో మా మ్యాపు వాళ్ళకు నేల చెప్పిందే నిజం. కానీ ఊరి సరిహద్దు నేల మీద కనబడేది కాదు, కాగితం చెప్పిందే నిజం. ఒకే సరిహద్దుకు రెండు గీతలు ఉండవు, ఒకటి పోవాలి. ఏది పోవాలో నాకు తెలుసు. తెలిసి కూడా వారం రోజులు ఆ పేజీ తెరవలేదు. ఇంట్లో మా మామ ముఖం చూడాలంటేనే ఏదో దొంగతనం చేసినట్టుండేది. చేను పోయింది, ఇప్పుడు నీ నడక కూడా తప్పేనని ఆయనతో ఎలా చెప్పను?

చివరికి ఒక మధ్యాహ్నం చేయకూడని పని చేశాను. ప్రభుత్వం గీతలోని చుక్కల్ని ఒక్కొక్కటే లాగి మా మామ నడక మీదికి తెచ్చి పెట్టాను. కడుపు మళ్ళీ వచ్చింది. అయితే ఆ కడుపు నిలబడాలంటే లోపలున్న ఊరిని తీసేయాలి. మనుషులే లేని ఊరు, పోతే ఎవరు అడుగుతారు అనుకున్నాను. దాన్ని ఎంచుకుని, తీసేసే బటన్ దాకా కూడా పోయాను. ఊరు మ్యాపులో లేదన్న ఒక్క మాటకు ఏడ్చిన నేనే ఇప్పుడు ఇంకో ఊరిని లేకుండా చేయబోతున్నానని అప్పుడు తోచింది. సిగ్గేసింది. లాగిన చుక్కలన్నీ వెనక్కి పంపి కంప్యూటరు కట్టేశాను.

ఆ ఆదివారం వసారాలో కూర్చుని ఇద్దరం పక్కింటివాళ్ళ విత్తనానికని వేరుశనగ కాయలు ఒలుస్తున్నాం. ఎల్ల నీకు ఎవరు నేర్పించినారు మామా అని ఊరికే అడిగినట్టు అడిగాను. ఆయన ఒలుస్తూనే చెప్పాడు. జాతరలో పొలి చల్లే పని మా ఇంటివాళ్ళదట. బలిచ్చిన వేట రక్తం కలిపిన అన్నం గంపకెత్తుకుని, తెల్లవారేలోపు ఊరి చుట్టూ చల్లుకుంటూ రావాలి. ఆ గీత దాటి రోగమూ రొష్టూ లోపలికి రావు. వాళ్ళ నాయన గంపతో ముందు నడిస్తే చిన్నప్పుడు ఈయన దివిటీతో వెనక నడిచేవాడట. వెనక్కి తిరగకూడదు, ఒక్క అడుగు కూడా అడ్డదారి తొక్కకూడదు. అట్లా కాళ్ళకు పట్టిందే ఆ దారి.

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. మూడు ఆదివారాలు మేము నడిచింది రెవెన్యూ వాళ్ళ సరిహద్దు కాదు, పొలి గంప తిరిగే దారి. ఆయనకు ఊరి చుట్టూ ఇంకో గీత ఉండవచ్చన్న ఊహే లేదు. నాకు అడగాలని తోచలేదు. నేనూ అలాంటి ఊళ్ళోనే పుట్టాను, పొలి గంప వెనక కేకలు విన్నాను. అయినా ఫోను చేతిలోకి రాగానే అవన్నీ మరిచిపోయాను.

ఇక దాచలేకపోయాను. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టి, ఎర్ర గీత నీ నడక, నీలం గీత సర్కారుది అని చూపించాను. తప్పు నాదే, అడగవలసిన ప్రశ్న అడగలేదని చెప్పాను. ఆయన తలగుడ్డ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ ముక్క యాడిది?" అన్నాడు చివరికి, కడుపు మీద వేలు పెట్టి.

అది వేరే ఊరని చెప్పి పేరు చదివాను. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. ఆ పేరు ఇక్కడ రాయను. కావాలంటే మ్యాపులో ఉంది, వెతుక్కోండి, ఇప్పుడు దొరుకుతుంది.

మా మామ కళ్ళనీళ్ళు పెట్టుకోగా నేను ఎన్నడూ చూడలేదు. మా అత్త పోయినప్పుడు కూడా వచ్చిన వాళ్ళకు నీళ్ళివ్వమని నన్ను తొందరపెడుతూ తిరిగాడు. ఆ రోజు మాత్రం తలగుడ్డతో ముఖం మూసుకున్నాడు.

"మా అవ్వది ఆ ఊరేమ్మా," అన్నాడు.

తరువాత మెల్లగా చెప్పుకొచ్చాడు. వాళ్ళ అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ ఊరికి వాంతిభేది తగిలిందట. మిగిలిన నాలుగిళ్ళ వాళ్ళు అమ్మవారి రాయిని గంపలో పెట్టుకుని మా ఊరికి వచ్చేశారు. మా ఇంటికే కోడలయ్యాక ఆ అవ్వ మొగుడి దగ్గర ఒకటే పట్టు పట్టింది. పొలి చల్లేటప్పుడు నా ఊరిని బయట వదలొద్దు అని. అప్పటినుంచి పొలి గంప ఆ పాడుబడిన ఊరిని కూడా చుట్టి వస్తోంది. ఊళ్ళో వాళ్ళు దాన్ని పాతూరి దిబ్బ అనేవాళ్ళు, ప్యానెళ్ళొచ్చాక అదీ అనడం మానేశారు. అసలు పేరు అవ్వ నోట విన్నదే, ఆమెతోనే పోయిందనుకున్నాడు. ఏ బోర్డు మీదా, ఏ కాగితంలోనూ ఆయన దాన్ని చూసింది లేదు.

"మనిషనేవాడు లేకపోయినా సర్కారోళ్ళు పేరు పెట్టుకోని కాపాడినారా?" అని ఆశ్చర్యపోయాడు. నేను చెరిపేయబోయిన సంగతి ఆయనకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు, ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

నీ గీతను ఇంకో రకంగా ఉంచవచ్చేమో కేరళ ఆమెను అడుగుతాను మామా అన్నాను. అక్కర్లేదన్నాడు.

"నాది తీసెయ్‌మ్మా. ఊరు లేదని గదా ఇన్నాళ్ళూ మాలో పెట్టుకోని తిరిగితిమి. ఉండాది గదా. దాని జాగా దానికియ్యి."

ఆయన వేలు పట్టుకుని బటన్ మీద పెట్టాను, ఆయనే నొక్కాడు. ఎర్ర గీత పోయింది. నీలం గీతల్లో రెండు ఊళ్ళు పక్కపక్కన నిలిచాయి. సున్నా అంటే ఏందని అడిగాడు. ఆ ఊరి మనుషులు ఎవరూ లేరని చెప్పాను.

"నేనుండా గదా," అన్నాడు.

ప్రభుత్వం అంకెను మార్చే అధికారం నాకు లేదని చెప్పాను. తల ఊపి, ఒలిచిన గింజల్ని చేటలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. ఎక్కించే ముందు మా మ్యాపు వాళ్ళ ఫారంలో చివర ఒక గడి ఉంటుంది. ఆ ఊరి పేరు సరైనదేనని స్థానికంగా ఎవరు చెప్పారు అని. బేచరాక్ ఊళ్ళకు దాన్ని ఖాళీగా వదిలేయవచ్చు, అడగడానికి అక్కడ మనుషులు ఉండరు కాబట్టి. నేను వదల్లేదు. ఆ ఊరి మనిషే చెప్పాడు అని రాసి పంపాను.