నీలం జెర్సీ మీద సున్నపు అడుగు

ఇన్నేళ్ళుగా నా కుడికాలు నాకు బరువు. నొప్పి కాదు. వాపు కాదు. ఏ డాక్టరు చూసినా బాగానే ఉందంటాడు. కానీ పొద్దున మంచం దిగి నేల మీద మోపేటప్పుడు నేనేం చేశానో ఆ కాలు గుర్తు చేస్తుంది. ఈ సంగతి నా భర్తకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎరగరు. సిద్దిపేట బజారులో మీ పక్కనుంచి నడిచిపోయినా నేనెవరో మీకు తెలియదు. ఇదీ పిరికితనమే. తెలుసు. అయినా నాకు దొరికిన ధైర్యం ఈమాత్రమే.

నాకు అక్షరాలు వచ్చి ఎంతోకాలం కాలేదు. మా వాడలో ఆడవాళ్ళకు సాయంత్రాలు చదువు చెప్పినప్పుడు, జుట్టు నెరిశాక నేర్చుకున్నాను. ఎక్కడైనా వాక్యం తడబడితే ఓపిక పట్టండి. తడబాటంతా అక్షరాలది కాదు.

మాది చింతమడక దిక్కు. కల్లు గీసే ఇల్లు. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అలా పుట్టినవాళ్ళ కాలు తగిలితే పట్టేసిన నడుము వదులుతుందని మా దగ్గర నమ్మకం. తాటిచెట్లు ఎక్కి దిగే మగవాళ్ళకు నడుము పట్టడం మామూలే. పొద్దున్నే ఎవరో ఒకరు మా వాకిట్లో వచ్చి బోర్లా పడుకునేవాళ్ళు. నేనింకా గౌను తొడుక్కునే పిల్లని. మా అవ్వ నా రెక్క పట్టుకుని వాళ్ళ నడుము మీద మూడుసార్లు కాలు తాకించేది. "తాకాలె బిడ్డా, తొక్కద్దు" అనేది. ఎన్నిసార్లు తాకించినా అదే మాట చెప్పేది. నన్ను బడికి ఎవరూ పంపలేదు. కానీ ఊరి పెద్దమనుషులు నా కాలి ముందు పడుకునేవాళ్ళు. ఆ గొప్ప ఎంతటిదో చదువుకున్న మీకు ఎలా చెప్పాలి? నాకు ఉన్నది అదొక్కటే.

పెళ్ళయి సిద్దిపేట వచ్చాక ఒక ఆటల మైదానంలో పని దొరికింది. ఊడవడం, కబడ్డీ గీతలకు సున్నం పోయడం, ఆడపిల్లల జెర్సీలు ఉతకడం, గేటు తాళం చూసుకోవడం. నా పుట్టుక సంగతి అక్కడా తెలిసింది. నడుము పట్టేస్తే పిల్లలు నా దగ్గరికే వచ్చేవాళ్ళు. జర కాలు తాకియ్యవా అక్కా అని బతిమాలేవాళ్ళు. నిజంగా తగ్గేదో, తగ్గిందని అనుకునేవాళ్ళో నేనెప్పుడూ అడగలేదు. నవ్వుతూ లేచిపోయేవాళ్ళు. ఆ నవ్వు మీదే నా రోజు గడిచేది.

అప్పుడు ఆమె వచ్చింది. పేరు రాయను. మేమంతా ట్రైనరమ్మ అనేవాళ్ళం. ఆటలో తగిలే దెబ్బలు చూసుకోవడానికే చదువు చదివి, లైసెన్సు తెచ్చుకున్న మనిషి. నా కూతురికంటే కొంచెం పెద్దదేమో. ఒక ఐసు పెట్టె, ఒక పట్టీల సంచి, మెడలో ఈల. వచ్చిన కొద్దిరోజులకే పిల్లల గుంపు ఆమె గది ముందుకు మారిపోయింది. మొదట మేడం అన్నారు. తర్వాత అక్కా అన్నారు. అక్క నేను కదా. ఆ పిలుపు నా చెవిలో పడ్డ రోజు చేతిలో చీపురు ఉంది. దాన్ని నేలకేసి ఎంత గట్టిగా గీశానో, ఊడ్చిన చోటే మళ్ళీ మళ్ళీ ఊడ్చాను.

ఆమె నాకు ఏ చెడూ చేయలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. గర్విష్ఠి అయితే తిట్టుకునేదాన్ని. టీ తాగితే నాకూ గ్లాసు తెచ్చేది. ఒకసారి నా చేతికి సున్నం కాటు పడితే కడిగి మందు రాసింది. ఆ చేతులు ఎంత మెత్తగా ఉన్నాయో, ఆ మెత్తదనాన్ని కూడా నేను ఓర్చుకోలేకపోయాను.

ఇంకొకటి ఉంది. ఆమె అన్నీ తాను చేసేది కాదు. ఒకరోజు ఒక పిల్ల నొప్పికి సూది వేయమంటే, పక్కనే నేను పోస్తున్న సున్నపు గీత చూపించి చెప్పింది. పట్టీ కట్టడం, ఐసు పెట్టడం, ఒళ్ళు సాగదీయించడం, మళ్ళీ ఆటకు తయారు చేయడం గీతకు ఇవతల, తన పని. సూది వేయడం, ఎముక విరిగిందో లేదో తేల్చడం, వెన్నుపూస ముట్టుకోవడం అవతల, డాక్టరు పని. అవతలికి పోతే తన లైసెన్సు పోతుందని, అంతకంటే ముందు ఎవరిదో ఒళ్ళు పాడవుతుందని అంది. నేను లోపల నవ్వుకున్నాను. ఇంత చదువు చదివి చేతకానిదే ఎక్కువ చెబుతుందేమిటి అనుకున్నాను. నా కాలికి ఏ గీతా లేదు అనుకున్నాను. ఉంది. మా అవ్వ గీసిందే. ఆ పూట అది గుర్తు రాలేదు.

అఖిల అని ఒక పిల్ల ఉండేది. కూతకు పోతే మట్టి లేచేది. రాష్ట్ర జట్టుకు ఎంపిక దగ్గర పడుతోంది, ఆమె పేరు ఖాయమని అందరూ అనుకుంటున్నారు. ఆ సాయంత్రం ఎదుటి జట్టు పిల్లలు ఇద్దరు ముగ్గురు ఆమె మీద పడ్డారు. వాళ్ళు లేచారు. అఖిల లేవలేదు. బోర్లా పడి, ఒక చెంప మట్టికి ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

ట్రైనరమ్మ ఉరికొచ్చింది. కదలొద్దని చెప్పింది. కాళ్ళ వేళ్ళు ఆడించమంది. అఖిల ఆడించింది. ఆ వేళ్ళు ఆడటం నేను నా కళ్ళతో చూశాను. అంబులెన్సుకు ఫోను చేశారు. పిల్లలందరినీ దారి చూపడానికి రోడ్డు మీదికి పంపింది. అంబులెన్సు ఎటు నుంచి లోపలికి వచ్చి ఎక్కడ ఆగాలో తానే దగ్గరుండి చూడాలని, నా దగ్గర తాళంచెవి తీసుకుంది. అఖిల తలను నా చేతికి అప్పగించి, "అక్కా, జర ఈడ్నే కూసో. ఎవ్వల్ని ముట్టనియ్యకు" అంది.

నన్ను నమ్మి పోయింది.

అఖిల ఏడుస్తోంది. ఎంపిక పోతది అక్కా అంటోంది. నేనేం ఆలోచించాను? జాలి పడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కొంత జాలి ఉంది. కానీ దాని కింద ఇంకొకటి ఉంది. అంబులెన్సుతో ఆమె తిరిగి వచ్చేసరికి ఈ పిల్ల లేచి నిలబడి ఉండాలి. అందరూ చూడాలి. అక్కా అని మళ్ళీ నన్నొక్కదాన్నే పిలవాలి. తల వదిలి లేచాను. చెప్పు విడిచి, గీతలు పోసిన సున్నం ఇంకా అంటుకునే ఉన్న కాలు ఆ నీలం జెర్సీ మీద పెట్టాను. తాకించాను. మళ్ళీ తాకించాను. లేవలేదు. మూడోసారి బరువు వేశాను. తొక్కాను.

అఖిల ఒక్క కేక పెట్టింది. తర్వాత, కాలు తిమ్మిరెక్కింది అంది.

నేను కూర్చుని మళ్ళీ తల పట్టుకున్నాను.

దవాఖానలో డాక్టరు నడుము ఎవరైనా ఒత్తారా అని అడిగాడట. ఏదో గట్టిగా ఒత్తినట్టయిందని అఖిల చెప్పింది. కళ్ళు మూసుకుని ఉంది, ఎవరో చూడలేదు. అంతకుముందు ఒంటి మీద చేయి వేసింది ట్రైనరమ్మే కాబట్టి, ఆమే కావచ్చంది. పిల్ల తప్పేం లేదు. మర్నాడు వాళ్ళమ్మ ఆ జెర్సీ తెచ్చి నాకిచ్చింది, అది మైదానంది కాబట్టి. వీపు మీద సున్నం. మడమ, వేళ్ళు, అంతా తెలుస్తోంది. బొటనవేలు పక్కకు తిరిగి ఉంది, నా కాలిలాగే. సబ్బు పెట్టి రుద్దాను. ఆరేశాను. మళ్ళీ తీసి ఉతికాను.

ట్రైనరమ్మ నల్లా దగ్గరికి వచ్చింది. నేను బట్టలు పిండుతున్నాను.

"అఖిల జెర్సీ ఏది అక్కా?"

"ఉతికిన."

తీగ మీద నీళ్ళు కారుతున్న జెర్సీని వీపు వైపు తిప్పి చూసింది.

"దాని మీద సున్నం ఉండె. నువ్వు కాలు పెట్టినవా?"

"పెట్టలే."

"నిన్ను నేనేమనను. డాక్టరుకు తెల్వాలె. ఏమైందో తెలిస్తె పిల్లకు వైద్యం మంచిగైతది. పెట్టినవా అక్కా?"

"పెట్టలే అంటున్న గద. నాకేం పని?"

ఆమె అడిగింది తన కోసం కాదని నాకు అక్కడే, ఆ నల్లా దగ్గరే అర్థమైంది. అర్థమయ్యాకే అబద్ధమాడాను. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

మైదానం నడిపే కమిటీ విచారణ పెట్టింది. ట్రైనర్ల పని ఎంతవరకు అన్నది వాళ్ళలో వాళ్ళకే సరిగా తెలియదు. మాలిష్ చేయవచ్చు కదా, నడుము ఒత్తితే తప్పేమిటి అని ఒకాయన అన్నాడు. డాక్టరు చెప్పనిదే వెన్ను ముట్టడం లైసెన్సు దాటడమే అని ఇంకొకాయన చట్టం చదివి వినిపించాడు. ఆమె లేచి, వెన్ను ఒత్తే అధికారం తనకు లేదని, అందుకే ఒత్తలేదని చెప్పింది. జెర్సీ మీద సున్నం చూశానంది. జెర్సీ తెప్పించారు. తెల్లగా ఎక్కడా లేదు. కబడ్డీలో పడితే సున్నం అంటదా అని ఒకరు నవ్వారు. బోర్లా పడ్డ పిల్ల వీపుకు ఎలా అంటుతుందని ఆమె అడిగింది. పట్టుకున్నప్పుడు దొర్లరా అన్నారు. ఆమె నా పేరు ఎత్తలేదు. కళ్ళతో చూడనిది చెప్పదు. అక్కడ కూడా తన గీత లోపలే నిలబడింది.

నన్ను పిలిచారు. ట్రైనరమ్మే ఒత్తిందని, నేను చూశానని చెప్పాను. నేను చెప్పిందంతా ఒకాయన రాసి, చదివి వినిపించాడు. వేలిముద్ర వేశాను.

ఆమె ఉద్యోగం పోయింది. లైసెన్సు దాటిన మనిషి అన్న మాట వెంటపడితే ఏ మైదానం రానిస్తుంది? వెళ్ళే రోజు నా ముందు నుంచే వెళ్ళింది. కోపంగా చూసినా బాగుండేది. పోయొస్త అక్కా అంది. నాకేమనిపించిందో దాచకుండా రాస్తాను. సంతోషమైంది. మర్నాడు ఒక పిల్ల నా దగ్గరికి వచ్చి నడుము పట్టిందంది. నేను గెలిచాననుకున్నాను. కాలు లేపబోతే లేవలేదు. ఆ రోజు నుంచి ఎవరికీ తాకించలేదు. వయసైపోయిందని చెబుతున్నాను. దాన్ని కూడా నమ్ముతున్నారు.

అఖిల నడుస్తుంది. కొంచెం ఈడ్చి నడుస్తుంది. కబడ్డీ లేదు. బజారులో ఒక బట్టల కొట్టులో కూర్చుంటుంది. నన్ను చూస్తే స్టూలు జరిపి కూర్చోబెడుతుంది. ఆ రోజు నువ్వు తల పట్టుకుని కూసున్నవ్ అక్కా, మరువ అంటుంది. పడినప్పుడే దెబ్బ తగిలి ఉండవచ్చని, నా కాలు కారణం కాకపోవచ్చని ఎన్నిసార్లు అనుకున్నానో. కావచ్చు. కానీ ఆ వేళ్ళు ఆడటం చూసిన కళ్ళు నావే. డాక్టరుకు నిజం తెలిస్తే ఇంకోలా చూసేవాడేమో. ఆ దారి మూసింది కూడా నేనే.

ట్రైనరమ్మ ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. దూరాన ఏదో ఊరిలో పిల్లలకు పట్టీలు కడుతోందని ఎవరో అన్నారు. బాగుండాలి అని వెంటనే అనిపించలేదు. అక్కడి పిల్లలు కూడా ఆమెను అక్కా అంటారేమో అని అనిపించింది. చూశారా, ఇంకా పోలేదు. ఇంత రాశాక కూడా లోపల ఒక మూల మండుతూనే ఉంది. అందుకే క్షమించమని అడగను. అడిగే అర్హత వచ్చిందని నటించను.

ఆ వేలిముద్ర పైన ఏం రాసి ఉందో ఆనాడు నాకు చదవరాదు. ఇప్పుడు నా చేతితో నేనే రాస్తున్నాను, ఆ నల్లా దగ్గర ఆమె అడిగినదానికి, అడిగిన మాటలోనే.

పెట్టిన బిడ్డా. నేనే పెట్టిన. తొక్కిన.