రూతు మూడో కాగితం

నా నెట్ సెంటర్‌లో దయ్యం ఉందని ఎవరైనా అంటే, ముందు ప్లగ్గు సరిగ్గా పెట్టారో లేదో చూడమంటాను. బోధన్‌లో పదకొండేళ్లుగా ఇదే పని. మెయిల్ పోలేదంటే ఫైలు పెద్దదై ఉండాలి, లేదా నెట్ పోయి ఉండాలి. ఇంకో కారణం ఉంటుందని నేనెప్పుడూ నమ్మలేదు.

రూతు మా వీధి అమ్మాయి. తల్లి బీడీలు చుడుతుంది. ఆమె బాపు అని పిలిచే తండ్రి రెండేళ్ల కింద చనిపోయాడు. మిషన్ వాళ్ల నర్సింగ్ కాలేజీలో సీటు కోసం మూడు కాగితాలు సాయంత్రం ఐదులోగా మెయిల్ చేయాలి. పది మెమో, ఇంటర్ మెమో, చర్చి ఇచ్చిన బాప్తిస్మ పత్రం. ఒక్కటి తగ్గినా సీటు రాదు.

మా దగ్గర అందరికీ లామినేషన్ పిచ్చి. బాప్తిస్మ పత్రానికి రూతు తండ్రి ఎప్పుడో చేయించాడు. ప్లాస్టిక్ ముడతలు పడి, ఎన్నిసార్లు స్కాన్ చేసినా పేరు మీద తెల్లటి మెరుపే వస్తోంది. నా తొందర నాది కదా! అంచు కత్తిరించి ప్లాస్టిక్ లాగాను. రాతంతా దాంతోపాటే ఊడి వచ్చింది, కాగితం నిలువునా చినిగింది.

రూతు ఏడవలేదు. "ఏం జేస్తమన్నా, ఉన్న రెండే పంపు" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండు ఫైళ్లు జోడించి నొక్కాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. బయట చెరకు ట్రాక్టర్లు మెల్లగా పోతున్నాయి. ఎక్కడో బెల్లం కాగుతున్న వాసన. ఎండ షట్టర్ కిందుగా వచ్చి కీబోర్డు మీద పడింది. ఆ చక్రాన్నే చూస్తూ ఇద్దరం ఎంతసేపు కూర్చున్నామో, కునుకు పట్టినట్టుగా ఉంది. మెయిల్ పోయేసరికి ఐదుకు రెండు నిమిషాలు.

మర్నాడు కాలేజీ నుంచి జవాబు వచ్చింది. మూడు కాగితాలూ అందాయట. పంపిన మెయిల్ తెరిచి చూశాను. రెండే ఉన్నాయి. వాళ్లు పొరబడ్డారనుకున్నాను. అడిగితే సీటు పోతుందేమోనని నోరు మూసుకున్నాను.

సీటు వచ్చింది. చేరడానికి పోయే ముందు రూతు నా దగ్గరికి వచ్చి, ఇంటర్వ్యూలో అడిగి తెచ్చుకున్న మూడో కాగితం జిరాక్స్ చూపించింది. అదే పత్రం. ముడత లేదు, మెరుపు లేదు, అక్షరాలన్నీ తేటగా ఉన్నాయి. కాగితం కదలకుండా మూలన అదిమి పట్టిన ఓ బొటనవేలు కూడా అందులో పడింది. దానికి గోరు సగమే ఉంది.

"గిది మా బాపు ఏలన్నా. చెరుకు మిషిన్ల పడి గోరు పోయింది" అంది.

ఆ రోజు దాచిపెట్టిన సొరుగు తీసి చూశాను. చినిగిన పత్రం అలాగే ఉంది. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు, చెప్పగలిగినవాళ్లూ దొరకలేదు.

రూతు మాత్రం జిరాక్స్‌ను బల్ల మీద పరిచింది. ఆ వేలి మీద తన వేలు ఆనించి, "పోయొస్త బాపు" అని చెప్పి బస్సుకు వెళ్లిపోయింది.