ఎండమావి చూసే ఉద్యోగం

శనివారం ఉదయం ఆరుంబావుకు అల్ వక్రాలో మెట్రో ఎక్కాను. టికెట్ రెండు రియాళ్లు. ఆ రోజు మా బావ గంగాధర్‌కు పరీక్ష. ఎడారిలో ఒక రైఫిల్ క్లబ్బులో రెండేళ్లుగా టార్గెట్లు మోసి నిలబెడుతున్నాడు. కాల్చేవాళ్ల పక్కన కూర్చుని, ఎండమావిని బట్టి గాలి ఎటుందో చెప్పే మనిషి కావాలన్నారట. నెగ్గితే నీడపట్టున కుర్చీ, లేకపోతే మళ్లీ ఎండలో మోతలే.

ఏడింటికి ముషైరిబ్‌లో దిగేసరికి బావ కంపెనీ వ్యాన్‌లో సిద్ధంగా ఉన్నాడు. మలయాళీ డ్రైవర్ తలా ఒక కరక్ చాయ్, పరాఠా చేతిలో పెట్టాడు. బావ తాగుడు మానేసి మూడేళ్లు. అయినా మా అక్కకు భయం పోలేదు, ఆయన్ను కనిపెట్టుకుని ఉంటానని నా దగ్గర మాట తీసుకుంది.

"ఎండమావితోటి గాలెట్ల తెలుస్తది బావా?" అన్నాను.

"దుర్బీన్ల టార్గెట్‌కు జర ఇవతల చూడాలె. గాలి ఎటు వోతే మావి అటు పారుతది. నిలువుగ మరిగిందనుకో, కాల్చద్దు. టార్గెట్ ఉన్న జాగ ఒకటి, కనవడే జాగ ఒకటి."

ఎనిమిదింబావుకు క్లబ్బుకు చేరాం. వెళ్లేవాళ్లు ముందే అనుమతి తీసుకోండి, టోపీ మరవకండి. పది దాటాక ఎనిమిది వందల మీటర్ల అవతల ఇనుప టార్గెట్ నీళ్లలో మునిగినట్టు ఊగుతోంది. క్లబ్బు మేనేజరును అక్కడ ముదీర్ అంటారు. బావ చెప్పినట్టు ఆయన ఐదు గుండ్లు కాల్చాలి, నాలుగు తగలాలి. మొదటి నాలుగింట్లో మూడు తగిలాయి.

ఆఖరి గుండుకు మావి నిలువుగా మరగసాగింది. ముదీరేమో "యల్లా, యల్లా" అని ఒకటే తొందర. అంత పెద్దమనిషిని ఆగమనడానికి బావకు నోరు రావడం లేదు. ఇంతలో టార్గెట్ల దగ్గరున్న సూడాన్ మనిషి వాకీటాకీలో అరిచాడు: "సరాబ్! వాజిద్ సరాబ్!"

 వాజిద్ అంటే బోలెడని తెలుసు. అంటే బావ బోలెడు సారా తాగాడని నిందా? ఆగలేక లేచి, సారా లేదు, ఎప్పుడో మానేశాడని నాకొచ్చిన హిందీ, అరబ్బీ కలిపి అరిచాను: "నహీ సాబ్! శరాబ్ మాఫీ! జీజా కబ్ కా ఛోడ్ దియా!"

ముదీర్ రైఫిల్ దించాడు. డ్రైవర్ పగలబడి నవ్వుతూ, "అరే భాయ్, అరబ్బీలో సరాబ్ అంటే ఎండమావి!" అని హిందీలో చెప్పాడు. ముదీర్ కూడా నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. బావ ఒక్కడే దుర్బీన్ నుంచి కన్ను తీయలేదు; ఈలోగా మావి ఎడమకు పారసాగింది.

"సాబ్, అబ్ లెఫ్ట్ జారా. థోడా రైట్ మారో. యల్లా!"

రైఫిల్ పేలింది. మూడు నాలుగు క్షణాలకు ఇనుము ఠంగుమంది. బావ నన్ను గట్టిగా వాటేసుకుని, "నువ్వు ఒర్రకపోతే ఆయన ఆగకపోవు రా!" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

మూడింటికి ముషైరిబ్‌లో తిరుగు మెట్రో ఎక్కాను. ఎడారంతా చూసొచ్చిన నాకు మిగిలింది ఒక్క మాట. ఆ ఉత్సాహంలో అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, బావకు కొత్త డ్యూటీ దొరికింది. పొద్దంత కూసోని సరాబ్ చూసుడే!"

ఏ అరబ్బు దేశమైనా మా అక్కకు దుబాయే.

"దుబాయ్ వోయి గదే పని దొరికిందా ఆయనకు? పక్కన నువ్వేం జేస్తున్నవ్ రా తమ్మీ?"

అల్ వక్రా వచ్చేదాకా ఆమెకు ఎండమావి గురించి చెబుతూనే ఉన్నాను.