నీళ్లు పోస్తే తేలే గీత

మేడం పోయారని సారు ఫోన్ చేసేటప్పటికి నేను కాలేజీ ల్యాబులో రాతి ముక్కను సానబెడుతున్నాను. "కాఫీ ఇద్దామని లేపితే లెయ్యలేదు పాపా," అన్నారు. ఆయన మేడం భర్త. మేమంతా సారు అనే పిలిచేవాళ్లం. యంత్రం ఆపాను గానీ చాలాసేపు ఆ ముక్కను కింద పెట్టలేకపోయాను. రాయిని చూడటం నాకు నేర్పింది ఆమే.

నంద్యాలలో డిగ్రీ చదివిన మాకు జియాలజీ అంటే మేడమే. వెలుగోడు రైతుల బిడ్డ. ఆదివారం చర్చిలో మెత్తగా పాడే ఆ గొంతు సోమవారం క్లాసులో మెత్తగా వినిపించిన గుర్తు లేదు. చేతిసంచిలో ఎప్పుడూ ఒక నీళ్ల సీసా ఉండేది, తాగడానికి కాదు. "పొడి రాయి నోరిప్పదు పాపా," అంటూ గుట్ట మీద రాళ్లకు పోసేవారు. తడవగానే బూడిద రంగు బండలో నల్ల పొర, తెల్ల పొర విడివిడిగా తేలేవి.

ఆ పొరలు ఎలా వచ్చాయో ఆమె చారు గిన్నెతో చెప్పేవారు. భూమి లోపల కరిగిన రాయి నిదానంగా చల్లారుతుంటే, ముందు గట్టిపడిన బరువైన నల్ల రేణువులు చారులో పప్పులా అడుక్కి చేరతాయి. వాటిలో మెగ్నీషియం ఎక్కువ. పైకి పోయేకొద్దీ అది తగ్గి ఇనుము పెరుగుతుంది. పొర పొరకూ రేణువుల రసాయనం చూసుకుంటూ పోతే రాయి పుట్టుక తెలుస్తుంది. కడప దారిలోని మా గుట్ట ఒకే విడత వచ్చిన ద్రవం చల్లారి ఏర్పడిందని ఆమె తన పరిశోధనలో రాశారు. రేణువును విడిగా కొలిచే ప్రోబ్ యంత్రం ఆమెకు అందని రోజుల్లో మైక్రోస్కోపుతో తేల్చిన మాట అది. మా అందరికీ అదే పాఠం.

గుట్టకు వెళ్లే దారిలో ఆళ్లగడ్డలో దిగడం తప్పేది కాదు. శిల్పుల పాకల ముందు ప్రతి రాయికీ ఏది అడుగో, ఏది పైనో మా చేత చెప్పించేవారు. ఒకసారి, నల్ల పొర తలవైపుకు వచ్చిన విగ్రహాన్ని చూసి, "స్వామిని తలకిందులు చేసినావు కదప్పా," అన్నారు.

పెద్ద శిల్పి ఉలి ఆపాడు. "ముఖం సక్కంగనే ఉంది కదా మేడం."

"ముఖం సక్కంగుంది. రాయి తిరగబడింది."

ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ అదొక ఆట.

నా పరిశోధనకు నేనూ అదే గుట్ట తీసుకున్నాను. ప్రోబ్ యంత్రం నుంచి ఫలితాలు వచ్చాక గ్రాఫు గీశాను. పైకి పోయేకొద్దీ తగ్గుతూ వచ్చిన మెగ్నీషియం మధ్యలో ఒకచోట మళ్లీ ఎగబాకింది. అంటే సగం చల్లారిన గిన్నెలోకి వేడి చారు మళ్లీ వచ్చి పడిందన్నమాట. మేడంకు పేరు తెచ్చిన మాటే తప్పు. ఆ గ్రాఫు పట్టుకుని నంద్యాలలో వాళ్ల గుమ్మం దాకా వెళ్లి కూడా తలుపు తట్టడానికి వెనకాడాను.

తట్టి, లోపలికి వెళ్లి గ్రాఫు ఇస్తే ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చూస్తూనే ఉన్నారు. సారు తెచ్చిన కాఫీ చల్లారిపోయింది. "నేను తప్పు రాసినా," అన్నారు చివరికి. గ్రాఫులో ఎగబాకిన చోట వేలు పెట్టి అడిగారు. "ఆ పొర యాడుందో చూపిస్తావా?"

మోకాళ్ల నొప్పులతోనే గుట్ట ఎక్కారు. నేను చూపిన చోట నీళ్లు పోస్తే వేలెడు మందాన నల్లటి గీత తేలింది. దాన్ని తడిమి నవ్వారు. "ఎన్నేండ్లు దీనిమీదనే కూసోని సద్ది తిన్నా పాపా. ఒక్కసారన్నా కింద నీళ్లు పొయ్యలే."

తిరుగుదారిలో ఆళ్లగడ్డలో దిగి, తన తప్పేమిటో ఆ శిల్పికి తానే చెప్పి, "కనిపెట్టింది ఈ పాపే," అని నన్ను ముందుకు తోశారు. నాకు ఏడుపొచ్చింది. ఇది రాస్తుంటే ఇప్పుడూ వస్తోంది.

సమాధి రాయి ఆ శిల్పే చేశాడు. పేరు చెక్కకముందు నాకు ఫోన్ చేశాడు. "మీ గుట్ట రాయే, ఆ గీత ఉండేది ఏరి తెప్పించినా. ఏ పక్క పైకి రావల్లో నువ్వొచ్చి చెప్పు పాపా. తిరగేసి పెడితే మేడం ఊరుకోదు." వెళ్లి, తడిపి చూసి చెప్పాను. మెరుగు పట్టిస్తే నీళ్లు పోయకుండానే గీత కనిపిస్తుంది కదా, అది వద్దని కూడా చెప్పాను.

నంద్యాల సమాధుల తోటలో రాయి నిలబెట్టిన రోజు, ప్రార్థన అయ్యాక అందరూ పూలు పెట్టారు. సారు మేడం చేతిసంచిలోంచి నీళ్ల సీసా తీసి రాతిమీద నిదానంగా పోశారు. పేరు కింద నల్ల గీత తేలింది. ఎండకు అది అంచుల నుంచి ఆరిపోతుంటే, సారు సీసా మళ్లీ వంచారు.