తువ్వాల కింద జీతం

ఓనరప్ప పొద్దున్నే నా టేబుల్ కాడికొచ్చి నిలబడ్డాడంటే ఏదో మూడిందనే లెక్క. ఆ పొద్దు కూడా అంతే. "మేస్త్రి ఆళ్లగడ్డ కంపెనీకి పోతాండాడంట. సాయంత్రం లోపల ఆపల్ల. వాడు నిలిస్తే నీకు పర్మనెంటు. పోతే నువ్వు కూడా ఇంటికి పో," అని చెప్పి, నేను నోరు తెరిచేలోగా పోయినాడు.

మాది నంద్యాల బయట విత్తనాలు శుభ్రం చేసే చిన్న కంపెనీ. మేస్త్రి అంటే మా గ్రేడింగ్ మిషన్‌కు డాక్టరు. అది దగ్గితే యాడ నొప్పో గేటు కాడి నుంచే చెప్తాడు. నేను హెచ్చార్ ట్రైనీని, రెండేండ్లుగా. అందరికీ పీఎఫ్ ఫారాలు నింపేది నేనే, పీఎఫ్ లేంది నాకొక్కదానికే. మా ఊరు పాణ్యంలో ప్రతి ఆదివారం చర్చి బయట ఎవరో ఒకరు "పాపకు పర్మనెంటు అయిందా?" అని మా నాయన్ని అడుగుతారు. ఆయన తన చెప్పుల వైపు చూసి "అయితాది" అంటాడు.

సరే, ఎంబీయే చదివినదాన్ని, ఊరికే ఉంటానా! నెట్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగులకిచ్చే ప్యాకేజీ ఒకటి పట్టి, కంపెనీ పేరు మార్చి, ప్రింటు తీసి మేస్త్రి ముందు పెట్టినా. ఆయన గ్రీజు చేతులు తుడుచుకొని చదవబట్టినాడు.

"జిమ్ము ఫ్రీ అంట. మూటలు ఎత్తేటోళ్లకు జిమ్మేందికి మేడమ్?"

"అది వదిలేయన్నా, కింద చూడు."

"వారానికి రెండు దినాలు ఇంటి నుంచి పని. మిషన్ను ఆటోలో ఏసుకొని పోవల్నా?"

"అన్నా, ఇంకా కింద..."

"కుక్కను పెంచుకుంటే లీవంట. మా ఇంట్లో బర్రె ఉంది. దానికీ ఇస్తారా?"

నా మొగం మాడిపోయింది. ఆయనకే జాలేసినట్టుంది. "మేడమ్, ఆళ్లగడ్డలో మా చర్చిలో నేను డోలు కొట్టల్ల. సీజన్‌లో మీరు ఆదివారం ఇయ్యరు. ఆ కంపెనీవాళ్లు ఇస్తామన్యారు. అంతే," అన్యాడు. ఆ ఒక్క ముక్క ముందే అడిగింటే పన్నెండు పేజీల ఇంకు మిగిలేది.

పరిగెత్తిపోయి ఓనరప్పకు చెప్తే, భుజం మీది తువ్వాల తీసి దులిపినాడు. "వాన్ని బేగా రమ్మను." ఆయన పెరిగిందంతా ఎద్దుల సంతలో. ఆడ తువ్వాల కింద చేతులు కలిపి, ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర అని చెప్పుకుంటారు, పక్కనోనికి తెలియకుండా. కంప్యూటర్లు కొన్యాడు, హెచ్చార్‌ను పెట్టుకున్యాడు, జీతాల బేరం మాత్రం ఇంకా తువ్వాల కిందనే.

"ముందు సెలవు," అని తువ్వాల కప్పినాడు. కింద ఏదో పెనుగులాట. మేస్త్రి కనుబొమ్మలు పైకి లేచినాయి. ఓనరప్ప తల అడ్డంగా ఊపి, మళ్లా నిలువుగా ఊపినాడు. "ఇప్పుడు వేలల్లో," అన్యాడు. మళ్లా పెనుగులాట. ఆఖరికి ఇద్దరూ నవ్వినారు. కుదిరిందంట.

"ఎంతకు?" అన్యా, లెటర్ టైపు చేసేకి కూచొని.

"అది నోటితో చెప్పేది కాదమ్మా," అన్యాడు ఓనరప్ప.

"బేరం మర్యాద పోతాది మేడమ్," అన్యాడు మేస్త్రి.

ఓరి దేవుడా! "మరి లెటర్‌లో ఏం కొట్టల్ల? వేళ్ల బొమ్మలు ఏయల్నా?" అని అరిచినా. నిజంగానే అరిచినా, ఓనరు మొగం మీదనే. ఇద్దరూ బిక్కమొగం పెట్టినారు. నేనే ఖాళీలు వదిలి ప్రింటు తీసిస్తే, మేస్త్రి గోడ వైపు తిరిగి, చేయి అడ్డం పెట్టుకొని నింపినాడు. రాస్తే మర్యాద పోదంట! ఓనరప్ప సంతకం పెట్టినాడు. కాయితం నా చేతికొచ్చినాక చూస్తే, సీజన్‌లో కూడా ప్రతి ఆదివారం సెలవు. జీతం ఆళ్లగడ్డవాళ్లు ఇస్తామన్నదానికంటే కొంచెం తక్కువే, కానీ ఆ మిషన్ను ఇంకొకని చేతిలో పెట్టబుద్ధి కాలేదంట మేస్త్రికి.

మేస్త్రి పోయినా నేను కదల్లేదు. "సార్, నా పర్మనెంటు?"

"చేస్తాలేమ్మా."

"ఎంతకు?"

అలవాటుగా తువ్వాల తీసినాడు. నా చేయి చూసినాడు. ఆగిపోయినాడు. ఆడపిల్ల చేయి పట్టుకునేదెట్ల? రెండేండ్లు నా బేరం ఎందుకు తెగలేదో అప్పుడు తెలిసింది నాకు. నా పని నచ్చక కాదు, నాతో బేరం ఎట్ల ఆడల్లనో ఆయప్పకు తెలియక! దీనికా నేను బస్సులో కూచొని ఏడ్చింది! కోపం, నవ్వు రెండూ ఒక్కసారే తన్నుకొచ్చినాయి.

"మీ ఇంటికాడి అమ్మగారిని పిలిపించండి సార్," అన్యా.

ఓనరమ్మ అన్నం క్యారియర్‌తో వచ్చింది. సంగతి విని మొగునికి నాలుగు అక్షింతలు ఏసి, నా చేతి మీద కొంగు కప్పింది. చిన్నప్పుడు మా నాయన సంత నుంచి వచ్చి నా వేళ్లతో ఈ ఆటే ఆడించేటోడు. ఆమె తగ్గించబోయింది, నేను ఇడవలే. మళ్లా లాగింది, ఇంకా గట్టిగా పట్టుకున్యా. "దీని పట్టు సల్లగుండ! వేళ్లు ఇరిగేటట్టున్నాయి, ఇచ్చేయి," అని మొగుని మీద కసిరింది.

ఆ ఆదివారం చర్చి బయట మళ్లా అదే ప్రశ్న. "అయింది," అన్యా నేనే. "జీతమెంత?" అని ఎనకాల్నుంచి ఇంకొకరు. ఆ సంగతి అప్పటికి మా నాయనకు కూడా చెప్పలే. ఆయన భుజం మీది తువ్వాల తీసి, దాని కింద చేయి చాపినాడు. నేను ఆయన వేళ్లు పట్టుకున్యా. నమ్మనట్టు చూసి, మళ్లా పట్టమని వేళ్లు కదిలించినాడు. మళ్లా పట్టినా.

"ఎంతంటప్పా?" అని అడిగినారు.

"అది నోటితో చెప్పేది కాదు," అన్యాడు నాయన, అదే తువ్వాలతో కండ్లు తుడుచుకుంటా.